గాలాపాగోస్ వెళ్ళేవాళ్ళు ముందు దారి అడగాలి

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో గాలాపాగోస్ దీవుల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. బొమ్మలు కన్నుల పండువగా ఉన్నాయి. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఏ ఓడ ఎక్కినా చూపించేవి అవే దీవులు కాబట్టి గదులు, భోజనం, డెక్కు మీద ఈతకొలను ఉందో లేదో చూసుకుని బుక్ చేసుకోవచ్చని రాశారు. ఆ పక్కనే ఒక బొమ్మలో ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి, దాని కింద ఎగరలేని నీటికాకి. రెండిటినీ ఒకే వారంలో ఒకే ఓడ మీద తిరిగి చూసొచ్చినట్టుంది ఆ పేజీ అమరిక. అది నమ్మి ఎవరైనా లక్షలు కట్టేస్తారేమోనని ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి గానీ, దారుల గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

నేను కాకినాడలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో 31 ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఏటా బైపీసీ పిల్లలకి పరిణామం పాఠం వచ్చేసరికి చాక్‌పీసుతో బోర్డు మీద ఫించ్‌లనే గాలాపాగోస్ పిట్టల ముక్కులు గీసేదాన్ని. లావు ముక్కు గట్టి గింజలకి, సన్న ముక్కు పురుగులకి, పొడుగు ముక్కు నాగజెముడు పూలకి. ఆ పిట్టల్లో ఒక్కదాన్నీ కళ్ళతో చూసిన పాపాన పోలేదు. హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి "ఎన్నాళ్ళమ్మా బోర్డు మీదే చూస్తావ్" అని పట్టుబట్టి, 2025 మే నెలలో నన్నూ వాళ్ళ నాన్ననీ పంపింది.

మా వారు నీటిపారుదల శాఖలో చేశారు. సర్వీసులో సగం గోదావరి మీద లాంచీల్లోనే గడిచింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచీ మాత్రం నీళ్ళ మీద తేలేది ఏదీ ఎక్కనని కూర్చున్నారు. కాబట్టి మా ఇంట్లో ఓడ ఎంచుకోవడమంటే ముందు ఆయన్ని ఒప్పించడం. లైఫ్ జాకెట్లు ఎన్ని, రాత్రి కాపలా ఎవరు, మునిగితే పక్క ఓడ ఎంత దూరంలో ఉంటుంది అని ఆయన ప్రశ్నలు ఆయనవి. మంచి ప్రశ్నలే. నా ప్రశ్నలు వేరే.

మొదట హైదరాబాదులో ఒక ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేశాం. అతను వాట్సాప్‌లో పదకొండు ఫొటోలు పంపాడు. పదకొండూ మంచాలు, బాత్రూములు, నిమ్మకాయ ముక్క గుచ్చిన గ్లాసులు. ఏ రోజు ఏ దీవిలో దింపుతారని అడిగితే జవాబు లేదు. మూడోసారి ఫోన్ చేసినప్పుడు "మేడం, దీవులన్నీ ఒకటే. రాళ్ళు, తొండలు. మీరు ఓడ చూసుకోండి" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దీవులన్నీ ఒకటి కావన్నదే కదా నేను 31 ఏళ్ళు చెప్పిన పాఠం! పక్కపక్కనే ఉన్న రెండు దీవుల మీద తాబేలు డిప్ప వేరుగా ఉంటుంది, పిట్ట ముక్కు వేరుగా ఉంటుంది. ఆ తేడాలు లేకపోతే పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్‌కి అక్కడ పని లేదు, మనకీ లేదు. ఆ ఏజెంటుకి దండం పెట్టి వదిలేశాం.

ఇప్పుడు అసలు సంగతి. ఈ దీవులు ఈక్వడార్ తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతల, పసిఫిక్‌లో ఉన్నాయి. నేలలో 97 శాతం నేషనల్ పార్కు. 1959లో, పరిణామం మీద డార్విన్ పుస్తకం వచ్చిన నూరేళ్ళకి పార్కు చేశారు. 1978లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ ఓడ కెప్టెన్‌కి నచ్చిన చోట లంగరు వెయ్యడానికి వీల్లేదు. ఏ చోట దిగాలి, ఏ పూట దిగాలి, ఏ బాట మీద నడవాలి అన్నీ పార్కు వాళ్ళు ముందే రాసిస్తారు. పైగా 2012 నుంచీ ఒక నియమం ఉంది: ఒక ఓడ ఒక చోటికి ఒకసారి వెళ్ళిందంటే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, మళ్ళీ 14 రోజుల దాకా ఆ చోటికి వెళ్ళకూడదు. జనం ఒకే రేవు మీద పడి తొక్కేయకుండా ఈ ఏర్పాటు.

దీనివల్ల ప్రతి ఓడకీ పదిహేను రోజుల చుట్టు ఒకటి ఉంటుంది. దాన్ని రెండుగా, కొన్నిచోట్ల మూడుగా కోసి ముక్కలుగా అమ్ముతారు. అదే ఓడ, అదే గది, అదే వంటవాడు. ఈ వారం ఎక్కినవాళ్ళు పడమటి వైపు ఫెర్నాండీనా, ఇసబెలా తీరాలకి వెళ్తారు. వచ్చే వారం ఎక్కినవాళ్ళు తూర్పు దక్షిణాల్లో ఎస్పన్యోలా, ఫ్లోరియానా, శాన్ క్రిస్టోబల్ చూస్తారు. ఉత్తరాన దూరంగా ఉన్న జెనొవేసా ఏదో ఒక ముక్కలో కలుస్తుంది, కొన్నిట్లో అసలు కలవదు. ఎగరలేని నీటికాకి ఉండేది ఫెర్నాండీనాలోనూ ఇసబెలా ఒడ్డునే. ఆల్బట్రాస్ గూడు కట్టేది దాదాపుగా ఒక్క ఎస్పన్యోలాలో. మేము తిరగేసిన ఏ వారం రోజుల చుట్టులోనూ ఈ రెండూ కలవలేదు. ఓడ పేరు చూసి ఎక్కేసి నీటికాకి ఏదని అడగడం, చెన్నై వైపు పోయే సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ ఎప్పుడొస్తుందని టీసీని అడగడం లాంటిది.

రోజుల లెక్కలోనూ ఒక కిటుకు ఉంది. ఎనిమిది రోజుల యాత్ర అంటే ఎనిమిది రోజులు కాదు. మొదటిరోజు ఈక్వడార్ నగరాలైన క్విటో నుంచో గ్వయాకిల్ నుంచో విమానంలో బాల్ట్రా దీవిలో దిగేసరికి మధ్యాహ్నం. చివరిరోజు పొద్దున్నే ఒక గంట ఎక్కడో తిప్పి మళ్ళీ విమానాశ్రయంలో దింపేస్తారు. నికరంగా మిగిలేవి ఆరు. ఐదు రోజుల యాత్రలో మూడే. అంత దూరం వెళ్ళి మూడు రోజులకి తిరిగి రావడం నాకైతే అన్యాయం అనిపించింది. ఐదు రోజులది తీసుకుందామని మొదట అన్నది మా వారే. లెక్క వేసి చూపించాక ఇంజనీరు కాబట్టి నోరెత్తలేదు.

నేనూ మా అమ్మాయీ మూడు సాయంత్రాలు వీడియో కాల్‌లో కూర్చున్నాం. పాత రికార్డు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి పైన నెలలు, పక్కన జంతువులు రాసుకున్నాను. జనవరి నుంచి మార్చి దాకా ఆల్బట్రాస్‌లు దీవిలో ఉండవు, సముద్రం మీద ఉంటాయి. ఏప్రిల్‌లో మగవి ముందొస్తాయి, ఆ తర్వాత డిసెంబరు దాకా సందడి. జూన్ దగ్గర నుంచి హంబోల్ట్ అనే చల్లని సముద్ర ప్రవాహం బలం పుంజుకుంటుంది. నీళ్ళు చల్లబడతాయి, ఆకాశం మబ్బు పట్టి సన్నటి తుంపర పడుతూ ఉంటుంది. ఆ చల్లనీళ్ళలో చేపలు ఎక్కువ కాబట్టి పక్షులకి పండగ. కానీ ఆగస్టు, సెప్టెంబరుల్లో అలలు గట్టిగా లేస్తాయని అందరూ చెప్పారు. డిసెంబరు నుంచి మే దాకా నీళ్ళు వెచ్చన, సముద్రం కొంత నెమ్మది. ఆల్బట్రాస్ గడి, మా వారి కడుపు గడి రెండూ నిండేది ఏప్రిల్ చివర, మే నెలల్లోనే. నెల ఖాయమయ్యాక దారి ఖాయమైంది: ఎస్పన్యోలా, ఫ్లోరియానా, శాన్ క్రిస్టోబల్, శాంటా క్రూజ్, జెనొవేసా. దారి ఖాయమయ్యాక ఆ వారంలో ఆ దారిన పోయే ఓడలు ఎన్నున్నాయని చూస్తే చేతి వేళ్ళకి మించలేదు. గదుల ఫొటోలు అప్పుడు చూశాం. పది నిమిషాలు పట్టింది.

ఫెర్నాండీనా వదులుకున్నాం. ఎగరలేని నీటికాకిని చూడలేదు. పనికిరాని చోట రెక్క ఎలా కుంచించుకుపోతుందో ఇన్నేళ్ళు చెప్పినదాన్ని, ఆ కురచ రెక్క చూడకుండానే తిరిగొచ్చాను. ఆ బాధ ఇంకా ఉంది, దాచను.

ఓడ ఎంత పెద్దదన్న దగ్గర మీ వ్యాసం పెద్దదే మేలని తేల్చేసింది. అక్కడ నూరు మంది యాత్రికులకి మించిన ఓడకి ఈ చుట్టులో తిరిగే అనుమతే లేదు. చిన్నవి పదహారు మందివి. మధ్యలో ఇరవై, ముప్ఫై రెండు, నలభై ఎనిమిది ఇలా ఉంటాయి. ఒడ్డు మీద మాత్రం అందరికీ ఒకటే సూత్రం. పార్కు లైసెన్సు ఉన్న గైడు లేకుండా అడుగు పెట్టకూడదు, ఒక గైడు వెంట పదహారు మందికి మించకూడదు. పెద్ద ఓడలో జనాన్ని గుంపులు చేసి వరసగా పంపుతారు, మన వంతు కోసం కూర్చోవాలి. పదహారు మంది ఓడలో రెండు రబ్బరు బోట్లు దించితే అందరం ఒక్కసారే ఒడ్డున. ఆ రబ్బరు బోట్లని అక్కడ పాంగా అంటారు. తెల్లవారి ఆరింటికి బాట మీద మేమే మొదటి మనుషులం అయిన రోజులున్నాయి.

ఇది చదివి పదహారు మందిదే మంచిదని బుక్ చేసేయకండి, అక్కడే నేను దెబ్బతిన్నాను. పదహారు మందికి గైడు ఒక్కరే. గుంపు విడిపోకూడదు, ఎవరూ వెనక ఒంటరిగా కూర్చోకూడదు. ఎస్పన్యోలాలో పుంటా సువారెజ్ బాట అంతా బండరాళ్ళు. మా వారికి కుడి మోకాలు అరిగింది. గైడు ఆయన నడక చూసి, నెమ్మదిగా వచ్చేవాళ్ళని వేరే తీసుకెళ్ళడానికి ఇంకొకరు లేరు, మీరు ఓడలోనే ఉంటే మంచిదండీ అని మర్యాదగానే చెప్పింది. నేను ఆల్బట్రాస్ చూడటానికి వెళ్ళిన పూట ఆయన డెక్కు మీద కుర్చీలో కూర్చుని ఒడ్డు వైపు చూస్తూ గడిపారు. అదే ఇరవై మంది ఓడైతే గైడులు ఇద్దరు. గుంపుకి పదిమందే, అందులో నెమ్మది గుంపు వేరే. నలుగురు ఎక్కువున్న ఓడలో మనిషికి దొరికే గైడు ఎక్కువ! ఓడలో ఎంతమంది అని కాదు, ఒక గైడుకి ఎంతమంది అని అడగాలని నాకు అక్కడ తెలిసింది. ఈ ముక్క ఏ బ్రోషర్‌లోనూ చూడలేదు.

పెద్ద ఓడని తిట్టడం నా ఉద్దేశం కాదు. పెద్దదాంట్లో డాక్టరు ఉంటారు, మా దాంట్లో లేరు. అలలకి తక్కువ ఊగుతుంది. కొన్నిట్లో లిఫ్టు కూడా ఉంటుందట. డెబ్బై దాటినవాళ్ళు, బీపీ, సుగర్ ఉన్నవాళ్ళు పెద్దదే చూసుకోవడం న్యాయం. అసలు ఓడే వద్దనుకుంటే శాంటా క్రూజ్ దీవిలోని ప్యూర్టో అయోరా ఊళ్ళో హోటల్లో దిగి రోజూ స్పీడు బోట్ల మీద దగ్గరి దీవులు చూసి రావచ్చు, చాలా చవక. కానీ ఫెర్నాండీనా, జెనొవేసా లాంటి దూరపు చోట్లు అలా అందవు. దీవి నుంచి దీవికి రెండు గంటలకు పైగా ఆ చిన్న బోటులో ఎగిరెగిరి పడటం మా వారి ఒంటికి సరిపడేది కాదు.

ఊగడం గురించి ఒక మాట. అడుగున ఒకటే పొట్ట ఉన్న మామూలు ఓడ కన్నా, రెండు పొట్టలు పక్కపక్కన జోడించిన కాటమరాన్ తక్కువ ఊగుతుంది. ఆ మాట మన వైపు తీరం నుంచి వెళ్ళిందే, అరవంలో కట్టుమరం. మన జాలర్ల తెప్పకి దూరపు చుట్టం. పేరు మనది కదా అని చూస్తే ధర మనది కాదు. మేము ఒంటి పొట్ట దాంట్లోనే వెళ్ళాం, ఒక్కొక్కరికి 4,700 డాలర్లు, విమానాలు కాకుండా. పార్కు రుసుము వేరే. 2024 ఆగస్టు 1 నుంచి మనలాంటి విదేశీయులకి 100 డాలర్లు కాస్తా 200 చేశారు, మేము అది అక్కడ దిగగానే నగదుగా కట్టాం. గది మాత్రం కింది అంతస్తులో, ఓడకి సరిగ్గా నడుమ తీసుకోమని మా అమ్మాయి చెప్పింది. మంచి సలహా. పై అంతస్తులో పెద్ద కిటికీ ఉంటుంది, డబ్బూ ఎక్కువే, ఊగుడూ ఎక్కువే. వెనక గదికి ఇంజను మోత, ముందు గదికి తెల్లవారుజామున లంగరు గొలుసు చప్పుడు. మాది గుండ్రటి చిన్న కిటికీ. గదిలో ఉన్నది నిద్రపోయేటప్పుడే కాబట్టి ఏమీ కోల్పోలేదు. ఓడ రాత్రిపూటే ఎక్కువ దూరం వెళ్తుంది. జెనొవేసాకి వెళ్ళిన రాత్రి అంతా నడిసముద్రమే. అంతకు ముందు మూడు రాత్రులూ డాక్టరు రాసిన మాత్ర వేళకి వేసుకున్న మనిషి, "ఇంక అలవాటైపోయిందిలే" అని ఆ రాత్రి మానేశారు. తెల్లారేదాకా బకెట్టు ఆయన ఒళ్ళోనే ఉంది. మాత్ర ఓడ కదలక ముందే పడాలి, కదిలాక లాభం లేదు.

తిండి గొడవ మనవాళ్ళు తప్పక అడుగుతారు కాబట్టి రాస్తున్నా. శాకాహారమని రెండు నెలల ముందే మెయిల్ పెట్టాం. వంటవాడు చిక్కుడు గింజలు, అన్నం, అరటికాయ వేపుడు, బంగాళదుంప సూపు పెట్టాడు, ఏ పూటా పస్తు లేదు. అంతకన్నా తమాషా క్విటో విమానాశ్రయంలో జరిగింది. దీవులకి వెళ్ళే ప్రతి సంచీని అక్కడ విత్తనాలు, పళ్ళు, మొక్కల కోసం తనిఖీ చేసి సీలు వేస్తారు. నా సంచీలో కందిపొడి, ఆవకాయ. కందిపొడి వాసన చూసి వదిలేసింది తనిఖీ అమ్మాయి. ఆవకాయ సీసా ఎత్తి వెలుగులో పట్టి చూసి, టెంకని వేలితో చూపించింది. విత్తనం! జీడి తీసేసిన డొక్క మాత్రమేనని ఇంగ్లీషులో, సైగల్లో చెప్పాను. వినలేదు. విననందుకు లోపల మెచ్చుకున్నాను కూడా. బయటి మొక్కలు, మేకలు, ఎలుకలు చేరి ఆ దీవులకి చేసిన చేటు నేనే ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. మా వారు మాత్రం "నీ పాఠం వల్ల నా ఆవకాయ పోయింది" అని ఇప్పటికీ అంటారు.

దిగడం రెండు రకాలు. రాయి మీదకి దిగేది పొడి దిగుడు, మోకాలి లోతు నీళ్ళలో దిగి ఒడ్డుకి నడిచేది తడి దిగుడు. అరవై నాలుగేళ్ళకి మొదటిసారి ట్రాక్ ప్యాంటు వేసుకున్నది దీనికోసమే. చీర కట్టుకుని పాంగా అంచు మీంచి కాళ్ళు అటు వెయ్యడం కుదరదని ఇంట్లో మంచం మీద రిహార్సలు చేసి తేల్చుకున్నా. జంతువులకి రెండు మీటర్ల దూరంలో ఉండాలని నియమం. ఆ సంగతి జంతువులకి తెలియదు. సీ లయన్ (సీలు లాంటి సముద్ర జంతువు) పిల్ల బాటకి అడ్డంగా పడుకుంటే మనమే ఆగాలి, లేదా చుట్టూ తిరగాలి. సముద్రపు ఇగువానాలు, లోకంలో సముద్రంలో మేత మేసే బల్లి జాతి అదొక్కటే, నల్లరాళ్ళ మీద ఒకదాని మీద ఒకటి పేరుకుని, ముక్కులోంచి ఉప్పు నీళ్ళు చీదుతూ ఉంటాయి. మా వారు వాటిని చివరిదాకా తొండలనే అన్నారు. ఆ ఏజెంటూ ఈయనా ఒకటే జట్టు.

ఎస్పన్యోలా పొద్దు గురించి రాయకుండా ఉండలేను. కొండ అంచున ఆల్బట్రాస్ జంటలు ఎదురెదురుగా నిలబడి పసుపు ముక్కులు టకటకా కొట్టుకుంటున్నాయి. ఒకటి తల వంచితే రెండోది ఆకాశం కేసి ముక్కు ఎత్తుతుంది. ఆ వరస తప్పితే మళ్ళీ మొదటినుంచి. రెండు మీటర్లు దాటిన రెక్కలవి, నేల మీద మాత్రం ముసలి బాతులా నడుస్తాయి. ఎగరాలంటే అంచు దాకా తూలుతూ వచ్చి గాలిలోకి దూకెయ్యాలి. ఒకటి అలా వచ్చి, ఆగి, కిందికి చూసి, మనసు మార్చుకుని వెనక్కి వెళ్ళిపోయింది. పరీక్ష హాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగే పిల్లలు గుర్తొచ్చారు. అక్కడే మాకింగ్‌బర్డ్ అనే పిట్ట ఒకటి వచ్చి నా నీళ్ళ సీసా మూత పొడిచింది. అసలు డార్విన్‌కి మొదట అనుమానం రేపినవి ఫించ్‌లు కాదు, ఈ మాకింగ్‌బర్డ్‌లు. దీవికో రకంగా ఉన్నాయని వీటి దగ్గరే గమనించాడు. 1835లో ఆ దీవులకి వచ్చినప్పుడు ఫించ్‌లని ఏ దీవిలో పట్టాడో కూడా సరిగా రాసుకోలేదు. 1837లో లండన్‌లో జాన్ గూల్డ్ అనే పక్షి నిపుణుడు చూసి చెబితే గానీ అవన్నీ దగ్గరి చుట్టాలని తెలియలేదు. పిట్టని చూడగానే సిద్ధాంతం తట్టినట్టు నేను బోర్డు ముందు నటించేదాన్ని. నా దగ్గర చదివిన పిల్లలు ఎవరైనా ఈ ఉత్తరం చూస్తే ఆ ముక్క దిద్దుకోండి.

ఫించ్‌ని చూశానా? చూశాను. జెనొవేసాలో డార్విన్ బే ఇసుక మీద నా చెప్పు పక్కకి గెంతుకుంటూ వచ్చింది. మన పిచ్చుకంత, మసి రంగు. పాట లేదు, పింఛం లేదు. మా వారికి చూపిస్తే "దీనికోసమా!" అన్నారు. మర్నాడు సాయంత్రం డాఫ్నీ మేజర్ పక్కగా వెళ్ళాం. సముద్రంలో బోర్లించిన మట్టి మూకుడులా ఉంటుంది ఆ దీవి. మామూలు యాత్రికులకి దాదాపు ప్రవేశం లేదు. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే శాస్త్రవేత్త దంపతులు 1973లో మొదలుపెట్టి దాదాపు నలభై ఏళ్ళు అక్కడి ఫించ్‌ల ముక్కులు కొలిచారు. 1977లో కరువొచ్చి చిన్న గింజలు అయిపోతే, గట్టి గింజ పగలగొట్టగల లావు ముక్కు పిట్టలు ఎక్కువగా బతికాయి. తరవాతి తరం ముక్కు ఆ మేరకి పెద్దదైంది. పరిణామం లక్షల ఏళ్ళ మాటే కాదు, ఒక్క కరువు చాలు. కెప్టెన్‌ని గైడు చేత అడిగించాను, కాసేపు నెమ్మదిగా పోనిచ్చాడు. మిగతా పద్నాలుగు మంది లోపల భోజనాల దగ్గర ఉన్నారు. డెక్కు మీద నేనూ, మోకాలికి గుడ్డ చుట్టుకున్న మా వారూ. వందమంది ఓడలో కెప్టెన్ నా కోసం నెమ్మదించి ఉండేవాడా అంటే, ఏమో.

ఇక చివరిగా మీ పాఠకులకి ఒక పని చెప్పి ముగిస్తాను. ఫ్లోరియానాలో పోస్టాఫీసు బే అని ఒక రేవుంది. రెండు వందల ఏళ్ళకు పైగా అక్కడొక పీపా ఉంటోంది. వెనకటికి తిమింగలాల వేటకి వచ్చిన నావికులు ఉత్తరాలు అందులో వేసి పోయేవాళ్ళు, ఇంటి దారి పట్టిన ఓడ ఏదైనా వచ్చి పట్టుకెళ్ళేది. ఇప్పటికీ అదే పద్ధతి. స్టాంపు ఉండదు. మనం వేసింది వేసి, పీపాలో ఉన్నవి తిరగేసి, మన ఊరి దగ్గరి చిరునామా ఉంటే తీసుకుని చేత్తో అందజేయాలి. నాకు హ్యూస్టన్ చిరునామా ఒకటి దొరికింది, మా అమ్మాయి కారేసుకుని వెళ్ళి ఇచ్చొచ్చింది. బెంగళూరుది ఒకటి ఉంటే ఓడలో బెంగళూరు మనిషి ఎవరూ లేక మళ్ళీ పీపాలోనే పెట్టేశాను. నేను వేసింది నీలి కాళ్ళ బూబీ అనే సముద్రపక్షి బొమ్మ ఉన్న కార్డు. వెనక నీలి సిరాతో, జువాలజీ ల్యాబు, ప్రభుత్వ జూనియర్ కాలేజీ, కాకినాడ అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను. ఇంకా రాలేదు. ల్యాబు అటెండరుని నెలకోసారి అడుగుతున్నాను. ఎస్పన్యోలా, ఫ్లోరియానా ఉన్న దారి పట్టి మీ పాఠకులు ఎవరైనా వెళ్తే, ఆ పీపాలో అడుగున ఒకసారి చెయ్యి పెట్టి చూడమనండి. బెంగళూరు కార్డు కూడా అక్కడే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
కాకినాడ